ఒక వరస పట్టేంత కిటికీ

మార్చి పదకొండు, మంగళవారం. ఆ ఉదయం మేమిద్దరం కాల్చిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. నా భార్య గుడ్డును కుట్టు దారంతో రెండుగా కోసేది. చాకుతో కోస్తే సొన అంటుకుని పాడవుతుందని ఆమె వాదన. నేను తినడం పూర్తిచేసేసరికి ఆమె ప్లేటులో ఎడమ అంచున సగం గుడ్డు అలాగే ఉంది. కొన్ని నెలలుగా ఆ అంచున ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. ఒకరోజు రొట్టె ముక్క, ఒకరోజు రెండు ద్రాక్షపళ్ళు. నాకోసం వదులుతోందనుకునేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో నోటితో చెప్పుకోని మర్యాదలు మా మధ్య చాలా ఉండేవి. ఇదీ వాటిలో ఒకటని మురిసిపోయేవాణ్ణి. చప్పుడు చెయ్యకుండా ఆ సగం తీసుకుని నోట్లో వేసుకున్నాను.

ఆమె ప్లేటు ఎత్తుతూ, "ఈసారి కొట్టువాడు మరీ చిన్న గుడ్లు ఇచ్చాడండీ, తిన్నట్టే లేదు" అంది.

నేను నవ్వుకున్నాను.

పదకొండున్నరకి బజారు వీధి దాటుతుంటే ఆమెను రొట్టెల వ్యాను గుద్దింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఊపిరితో ఉంది. నాలుగో రోజు తెల్లవారేసరికి లేదు.

నాది కళ్ళజోళ్ళ షాపు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, ఆపైన చూపు పరీక్షించడంలో రెండేళ్ళు డిప్లొమా చేశాను. షాపు వెనకగది పొడుగ్గా ఉంటుంది. ఒక చివర కుర్చీ, రెండో చివర దీపం వెలిగే అక్షరాల బోర్డు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ, "ఇదా, ఇందాకటిదా? ఏది బాగుంది?" అని అడగడం నా పని. నేను డాక్టర్ని కాను. కాని చుట్టుపక్కల అందరూ డాక్టరు గారనే పిలుస్తారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడం మానేశాను.

బైబిల్ చదివే పద్ధతిలో మా ఇద్దరికీ పొంతన లేదు. ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తిచేసేలా మా సంఘంలో ఒక పట్టిక ఇస్తారు, రోజుకి ఇన్ని అధ్యాయాలని. నేను పద్నాలుగేళ్ళు విడవకుండా పూర్తిచేశాను. రోజూ గడిలో టిక్కు పెట్టుకుని షాపు తియ్యడానికి పోయేవాణ్ణి. నా భార్య ఆ టిక్కుల వంక చూసి, "మీరు చదివేది రైలు కిటికీలోంచి ఊళ్ళు చూసినట్టండీ. అన్నీ చూస్తారు, ఎక్కడా దిగరు" అనేది.

ఆమె దిగేది. మొదట్లో రోజుకి ఒక అధ్యాయం, తర్వాత ఒక పేరా, చివరి రెండేళ్ళూ ఒకే వాక్యం. పైకి ఒకసారి చదివేది. కళ్ళు మూసుకుని ఊరుకునేది. మళ్ళీ చదివేది. అందులో ఒక్క మాట పట్టుకుని, దాంతోనే నాలుగు ముక్కలు ప్రార్థన చేసేది. గొంతు పెంచేది కాదు, ఏడ్చేది కాదు. తర్వాత గిన్నెలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ అదే మాట నోట్లో నానబెట్టుకునేది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆ మాట మా ఇంట్లో మూడో మనిషిలా ఉండేది.

ఒకరోజు అంది: "ఏమండీ, చదువుతుంటే వరస తప్పిపోతోంది. ఒక లైను అయ్యాక కిందిది ఎక్కడ మొదలవుతుందో దొరకడం లేదు. పక్కన ఉన్న మాటలు మాయమైపోతున్నాయి."

స్పష్టంగానే చెప్పింది. అందులో అర్థంకాకపోవడానికి ఏమీ లేదు.

ఆ సాయంత్రమే షాపుకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసి చదవమన్నాను. చీమ కాళ్ళంత అక్షరాలున్న చివరి వరస గడగడా చదివేసింది. రెండో కంటితోనూ అంతే.

"నీ కళ్ళు నాకంటే బాగున్నాయి. నలభై ఏళ్ళవాళ్ళు కూడా ఆ వరస దగ్గర తడబడతారు" అన్నాను.

"మరి ఎందుకు తప్పుతోందంటారు?"

"దేవుడు నిన్ను అక్కడే ఆగమంటున్నాడేమో."

వేళాకోళానికి అన్నానో, భక్తితోనే అన్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆమె కుర్చీ దిగకుండా కాసేపు ఆలోచించి, "అయితే ఆగుతాలెండి. నాకేం రైలు తప్పిపోతుందా" అంది.

మర్నాడు కొత్త ఫ్రేముల పెట్టెలో అడుగున వచ్చే నల్ల అట్ట పట్టుకొచ్చి, "దీంట్లో ఒక వరస పట్టేంత కిటికీ కోసివ్వండి" అంది. ఆమె బైబిల్లో అక్షరాల ఎత్తు స్కేలుతో కొలిచి, బ్లేడుతో కోసిచ్చాను. అంచులు వేలికి గుచ్చుకోకుండా, అద్దాలు అరగదీసే రాయి మీద ఒకసారి రుద్దాను కూడా. ఆ అట్ట పేజీ మీద పెడితే ఒక్క వరస తెల్లగా కనపడుతుంది, మిగతాదంతా నలుపు.

నా డిప్లొమా పుస్తకంలో సరిగ్గా అలాంటి అట్ట బొమ్మ ఉంది. చూపు చాలా పోయినవాళ్ళు వరస తప్పకుండా చదువుకోవడానికి వాడే సాధనం. ఆ పాఠం మీద పరీక్ష రాసి పాసయ్యాను.

ఇంటికి ప్రార్థనకి వచ్చినప్పుడు మా పాస్టరు గారు ఆ అట్ట చూశారు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇదేంటమ్మా?"

"వరస తప్పిపోకుండా అయ్యగారూ. ఒక్కటే కనపడితే దాని మీదే ఉంటానని."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "వాక్యం దగ్గర నిదానంగా కూర్చోండర్రా అని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. నా వల్ల కానిది ఈ తల్లి అట్టముక్కతో చెప్పింది. డాక్టరు గారూ, ఇలాంటివి అందరికీ కావాలి."

నేనే చేయించాను. మూడు వందల అట్టలు. ముందువైపు 'నిదానంగా చదవండి' అని, వెనకవైపు మా షాపు పేరు, ఫోన్ నంబరు. స్త్రీల కూడికలో అందరికీ పంచారు. ఆ రోజు ఇంటికొచ్చాక నా భార్య పడీ పడీ నవ్వింది. "దారి తప్పుతున్నానని నేను పట్టుకున్న చేతికర్ర అండీ అది. ఊరందరి చేతిలో పెట్టించారు కదా!" అంది.

ఆ మాట కూడా నాకు స్పష్టంగానే వినపడింది.

ప్రమాదం జరిగిన రెండో రోజు ఆసుపత్రి వరండాలోకి పోలీసు ఒకతను వచ్చాడు. వ్యాను డ్రైవరు ఒకటే మాట మీద ఉన్నాడట. ఆవిడ రోడ్డు అంచున ఆగింది, నా వైపు తిరిగి చూసింది, చూసింది కదా ఆగుతుందిలే అనుకున్నాను, సరిగ్గా అప్పుడే అడుగు వేసింది అని.

"మీ మిసెస్‌కి చూపు ఎలా ఉండేది సార్?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను కళ్ళు చూసేవాణ్ణయ్యా! నా చేతులతో పరీక్ష చేశాను. ఆవిడ చివరి వరస చదివింది. అంత వ్యాను కనపడకపోవడమేమిటి? చేసిందంతా చేసి అబద్ధాలు కూడానా?" అన్నాను.

"అదే రాసిచ్చెయ్యండి సార్."

షాపు పేరున్న కాగితం తెప్పించి రాసిచ్చాను. కింద సంతకం, ముద్ర. అతను మడతపెట్టి జేబులో పెట్టుకుంటూ, "డాక్టరు కాగితం ఉన్నాక ఇంక వాడు తప్పించుకోలేడు" అన్నాడు. నేను డాక్టర్ని కానని చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం, తలకి దెబ్బ తగిలినవాళ్ళకి చేసే పరీక్షల్లో భాగంగా, ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆమె రెప్పలు ఎత్తి లోపలికి దీపం పట్టి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీకి గ్లకోమా, అదే కంట్లో ప్రెషరు పెరిగే జబ్బు, ఉందని మీకు తెలుసా అంకుల్? రెండు కళ్ళ నరాలూ బాగా దెబ్బతిన్నాయి. ఇది ఈ దెబ్బ వల్ల వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి జరిగింది. చుట్టూ చూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య ఒక్కటే మిగిలి ఉండాలి. ఇంట్లో సామాన్లు తట్టుకోవడం, ప్లేటులో ఒక పక్కన వదిలెయ్యడం, చదివేటప్పుడు లైన్లు తప్పడం... ఇలాంటివి మీరెవరూ గమనించలేదా?"

నా అక్షరాల బోర్డు కొలిచేది ఆ నడిమధ్యనే. ఒక్కో అక్షరం ఎదురుగా నిలబడుతుంది, ఒక్కోటీ చదివేస్తారు. అంచులు కొలిచే యంత్రం నా షాపులో లేదు. లేకపోయినా, ఎవరిని ఎక్కడికి పంపాలో తెలిసేంత చదువు నాకుంది.

నేనేం పని చేస్తానో ఆ డాక్టరమ్మకి తెలియదు. ఆ రోజుకి నాకు దొరికిన చిన్న దయ అది.

కాగితం వెనక్కి తీసుకోవాలని నాకు ఆ సాయంత్రమే తెలుసు. కాని మర్నాడు ఆమె పోయింది. సమాధి కార్యక్రమం అయ్యాక వెళ్దామనుకున్నాను. తర్వాత, షాపు తెరిచాక వెళ్దామనుకున్నాను. షాపు తెరిచాను. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద నా అద్దాలున్నాయి. సొంత భార్య కళ్ళు పోతుంటే కనిపెట్టలేనివాడి దగ్గరికి ఇంకెవరొస్తారు? కేసు నడిచేటప్పుడు సాక్ష్యానికి ఎలాగూ పిలుస్తారు, అప్పుడు చెప్దాంలే అనుకున్నాను. పిలుపు రాలేదు. రాని ప్రతి నెలా అదొక దయగా లెక్కవేసుకున్నాను. చిన్న చిన్న దయలు గమనించడం నాకు అలవాటు. చెడ్డ అలవాటు కాదనే అనుకునేవాణ్ణి.

ఆమె బైబిల్ తెరిచేసరికి నల్ల అట్ట ఆమె ఉంచిన చోటే ఉంది. దొంగలు కొట్టి దారిపక్కన పడేసిన మనిషి కథ అది. అట్ట కిటికీలో ఒకటే వరస. ఆ దారిన వచ్చిన యాజకుడు, అంటే గుడి పూజారి, పడివున్న మనిషిని చూసి, పక్కగా వెళ్ళిపోయే చోటు.

నెల రోజులపాటు ఆమె అక్కడే ఉందని నాకు గుర్తే. ఒక ఉదయం వేళాకోళం చేశాను.

"ఇంకా ఆ యాజకుడి దగ్గరేనా? రెండు వరసలు దిగితే వాణ్ణి లేపి ఆదుకునే మంచివాడు వస్తాడుగా, వెళ్ళి కలుసుకో."

"మంచివాడికి నా అవసరం ఏముందండీ? ఈయనే నన్ను వదలడం లేదు. చూడకుండా పోయుంటే వేరు. చూశాడట. చూసి పోయాడట. ఇంటికెళ్ళి అన్నం ఎలా తిన్నాడో, ఎలా పడుకున్నాడో! ఆయన కోసం ప్రార్థన చేస్తున్నాను."

"కథలో మనిషికి ప్రార్థనేమిటే?"

"ఎవరో ఒకరు చెయ్యాలి కదా" అని లేచి స్టవ్వు మీద పాలు దించడానికి పోయింది.

పట్టిక పక్కన పెట్టేసి, నేను ఆ వరస దగ్గరే చదవడం మొదలుపెట్టాను. ఆమె చేసినట్టే. పైకి ఒకసారి, కళ్ళు మూసుకుని కాసేపు, మళ్ళీ ఒకసారి. మొదటి నెలల్లో ఓదార్పుగానే ఉండేది. ఆమె వేలు పెట్టిన చోట నా వేలు పెడుతున్నానని. వేగంగా చదివేవాడికి ఒక సుఖం ఉంది. ఏ మాటా అతణ్ణి పట్టుకోలేదు, అప్పటికే పక్క పేజీలో ఉంటాడు. ఆ అట్టలో పక్క పేజీ లేదు. కింది వరస కూడా లేదు. ఒక మనిషి చూశాడు, పక్కగా పోయాడు. రోజూ ఉదయం అదే. మనసు పారిపోదామని చూస్తే చుట్టూ నలుపు. వానాకాలం వెళ్ళేసరికి ఆ యాజకుడికి నా ముఖం వచ్చేసింది. చలికాలంలో అట్ట తీసేసి మళ్ళీ పట్టిక ప్రకారం చదవాలని చూశాను. ఏ అధ్యాయం తీసినా కళ్ళు పరిగెత్తేవి, మనసు ఆ దారిపక్కనే కూర్చుని ఉండేది.

ఒకటి చెప్పాలి. ఆమె చదివిన తీరు చూపు తగ్గడం వల్ల వచ్చిందే కావచ్చు. ఆ ప్రార్థన మాత్రం కళ్ళలోంచి వచ్చింది కాదు. చీకటి తోసిన మూలనే కూర్చుని, అక్కడ దొరికిన ఒక్క వరసతో ఆమె దేవుడితో మాట్లాడుకుంది. ఆ మాటల్లో నేనూ ఉన్నానని ఆమెకు తెలియదు.

ఫిబ్రవరి చివర్లో నా మరదలు వచ్చింది. నా భార్యకి చెల్లెలు. నోరు జాస్తి, మనసు మెత్తన. వాళ్ళ నాన్న ఆఖరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేవాడు. అది గుర్తొచ్చి, ఈ జబ్బు ఒకే రక్తం పంచుకున్నవాళ్ళకి వస్తుందని తెలిసి, కంటి ప్రెషరు చూపించుకోమని ఏడాదిగా ఫోన్లో ఆమె వెంటపడుతున్నాను. గుమ్మంలోనే చేతిసంచిలోంచి చుక్కల మందు సీసా తీసి చూపించింది.

"మీ పోరు పడలేక వెళ్ళాను బావగారూ. ఉందట! ఇప్పుడే మొదలైందట. చుక్కలు వేసుకుంటే చూపు నిలబడుతుందట. మీ నోట్లో పంచదార పొయ్య, మీకెలా తెలిసిందండీ అంత దూరం నుంచి?"

మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందు పెట్టాను. ఆమె నా ముఖం చూసింది, బల్ల మీద నల్ల అట్ట చూసింది. నవ్వు తగ్గింది.

"అక్కకి కూడానా?"

తలూపాను. ఆసుపత్రి సంగతి చెప్పాను. కాగితం సంగతి కూడా.

"ఊరందరి కళ్ళలోకి దీపాలు పెట్టి చూస్తారు కదా బావగారూ. మా అక్క కళ్ళలోకి ఒక్కసారి చూసుంటే ఏం పోయింది?"

"చూశాను. చివరి వరస..."

"వరస సంగతి కాదు నేనడిగేది." ఆమె గ్లాసు పక్కకి జరిపింది. "పోనీ, అక్క పోయింది. ఆ వ్యాను నడిపినవాడు ఏమయ్యాడు?"

"కేసు నడుస్తోందనుకుంటాను."

"అనుకుంటారా! వాడు బతికున్నాడు కదండీ. వాడికి ఇల్లూ వాకిలీ ఉంటాయి కదా. నా కళ్ళు నిలబెట్టారు, కాదనను, రెండు చేతులా దండం పెడతాను. కాని వాడి సంగతి తేల్చేదాకా ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

అన్నట్టే లేచి వెళ్ళిపోయింది. గ్లాసు నిండుగా అలాగే ఉంది.

మార్చి పద్నాలుగున నా భార్య జ్ఞాపకార్థం కూడిక పెట్టారు. ముందురోజు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన బల్ల సొరుగు లాగి, పంచగా మిగిలిన అట్టల కట్ట బయటికి తీసి, దాని వంకే చూస్తూ కూర్చున్నారు.

"కళ్ళు పోతున్న మనిషి వాక్యం వెతుక్కుంటుంటే చూసి నేను స్తోత్రం అన్నాను" అన్నారు. కట్టను బల్ల మీద పెట్టి, "కోర్టులో చెప్పండి. తప్పకుండా చెప్పండి. సంఘంలో మాత్రం... ఈ అట్టతో ఎంతోమంది నిజంగా ప్రార్థన నేర్చుకున్నారు డాక్టరు గారూ. వాళ్ళ విశ్వాసం ఏమవుతుంది?"

"వాళ్ళ ప్రార్థన అబద్ధం కాదు అయ్యగారూ. ఆమెదీ కాదు. అబద్ధమల్లా నేను రాసిచ్చిన కాగితం. నేను డాక్టర్ని కాదు, ఆ పిలుపు కూడా మానేద్దాం."

ఆయన మరి అడ్డు చెప్పలేదు.

కూడికలో లేచి నిలబడి చెప్పాను. ఆమెకు చూపు పోతుంటే నాకు చెప్పిందనీ, నేను పట్టించుకోలేదనీ, ఆ అట్ట నిజానికి దేనికి పనికొచ్చేదో నాకు తెలిసుండాల్సిందనీ, పోలీసులకి తప్పు రాసిచ్చాననీ. చెప్పి కూర్చున్నాను. వెనక వరసలోంచి ఎవరో "ఆమేన్" అన్నారు. పాట ఎత్తుకున్నారు. బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత తగ్గింపు నాయనా నీది! అంత దుఃఖంలో కూడా తప్పంతా నీ నెత్తినే వేసుకున్నావు. మనుషులంటే ఇలా ఉండాలి."

"లేదమ్మా, నేను చెప్పింది నిజం..."

"నిజమే నాయనా, నిజమే. ఆ అట్టలు ఇంకా ఉన్నాయా? మా కోడలికొకటి కావాలి. అది మరీ గబగబా చదివేస్తోంది."

మర్నాడు షాపు తియ్యకుండా పోలీస్ స్టేషనుకి వెళ్ళాను. నా పేరు చెప్పగానే రికార్డులు రాసే ఆయన గుర్తుపట్టాడు. ఆయన కళ్ళజోడు నా దగ్గర చేయించిందే.

"ఆ కేసా డాక్టరు గారూ? ఎప్పుడో అయిపోయింది కదా. డిసెంబర్లోనే తప్పు ఒప్పేసుకున్నాడు. రెండు నెలలు లోపలుండి, పోయిన నెలే బయటికొచ్చాడు. లైసెన్సు ఎగిరిపోయింది."

"ఒప్పుకోవడమేమిటి? చూసింది, చూసింది అని మొత్తుకున్నాడుగా."

"మీ కాగితం ఉంది కదా సార్. వాడి లాయరే చెప్పాడట, డాక్టరు రాసిచ్చాక ఏం వాదిస్తాంరా, ఒప్పుకుంటే తక్కువతో పోతుందని."

"మరి నన్ను సాక్ష్యానికి పిలవలేదే?"

"ఒప్పుకున్నాక ఇంక సాక్షులెందుకు? మీకు శ్రమ తప్పింది" అన్నాడు, నాకు మేలు చేసినట్టుగా.

అక్కడే బల్ల మీద కూర్చుని కొత్త కాగితం రెండు ప్రతులు రాశాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది, అది నేను విన్న తేదీ, మొదటి కాగితం ఎందుకు తప్పో, ఇన్నాళ్ళు ఎందుకు దాచానో. ముద్ర వెయ్యలేదు. ఒకటి ఫైల్లో పెట్టుకోమని ఇచ్చాను. దీంతో ఏమైనా అవుతుందా అని అడిగితే, వాడు మళ్ళీ లాయర్ని పట్టుకుని పై కోర్టుకి వెళ్ళాలి సార్, ఏళ్ళు పడుతుంది అన్నాడు. రెండో ప్రతి జేబులో పెట్టుకున్నాను.

డ్రైవరు ఇల్లు రొట్టెల కార్ఖానా వెనక సందులో ఉంది. ఒకే గది, గుమ్మం ముందు మూడు మెట్లు. నేను వెళ్ళేసరికి చీకటి పడింది. తలుపు తీసినవాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెవుల వెనక, కనుబొమల్లో పిండి. వ్యాను తాళాలు తీసేసుకుని, బస్తాలు మొయ్యడానికి పెట్టుకున్నారట అదే కార్ఖానాలో. నన్ను చూసి గుర్తుపట్టాడు. లోపలికి రమ్మనలేదు.

"ఎవరూ?" అని లోపల్నుంచి ఆడగొంతు.

"కళ్ళ డాక్టరు."

"డాక్టర్ని కాదు బాబూ" అన్నాను. "కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి."

"కాగితం చూపించి డాక్టరనే చెప్పారు."

"చెప్పినవాళ్ళని నేను కాదనలేదు."

మెట్టు మీద నిలబడే చెప్పాను. దాచకుండా చెప్పాను. అతను తలుపు చెక్క పట్టుకుని విన్నాడు. నేను ఇంకా చెబుతుండగానే అడ్డం వచ్చాడు.

"అదంతా సరే సార్. ఆ రోజు ఆవిడ నా వైపు చూసిందా లేదా? అదొక్కటి చెప్పండి."

"చూసింది. నువ్వు కనపడలేదు."

అతను గుమ్మానికి ఆనుకున్నాడు. "చూసింది... అదే కదా నేను చెప్పింది. అదే కదా" అని లోపలి మనిషికి వినపడేలా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జైల్లో నాకే అనుమానం వచ్చింది సార్. అంత చదువుకున్నాయన రాశాడంటే, ఆవిడ నా వైపు తిరగనే లేదేమో, నేనే కునుకు తీశానేమో అని. మా ఆవిడ అడిగితే కూడా ఏమో, గుర్తులేదు అన్నాను."

నా చెయ్యి జేబులోని కాగితం మీదికి వెళ్ళింది.

"మీకు ఇది ఎప్పుడు తెలిసింది?"

ఆ ప్రశ్న వస్తుందని దారి పొడుగునా తెలుసు. "ఆవిడ పోయే ముందురోజు."

"అంటే సంవత్సరం."

"అవును."

"ఈ సంవత్సరమంతా ఏం చేశారు సార్?"

"బైబిల్ చదివాను."

వెక్కిరిస్తున్నానేమోనని నా ముఖంలోకి చూశాడు. కాదని తెలిశాక అతని దవడ బిగుసుకుంది. "మొత్తమా?" అన్నాడు.

"లేదు. ఒక్క వాక్యం."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. గుమ్మం మీద బల్బు కిందికి జరిగి, వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. ఒక వరస అయ్యాక వేలు జాగ్రత్తగా కింది వరస మొదటికి తెచ్చుకునేవాడు. చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. నేను రాసినదేదీ ఎవరూ అంత నిదానంగా చదవలేదు. అతని వేలు జరిగిన చోటల్లా పిండి అంటుకుంది.

"రేపు లాయరు దగ్గరికి నేనూ వస్తాను. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తాను. లైసెన్సు..."

"మీరు రావద్దు సార్. కాగితం చాలు."

క్షమించమని అడుగుదామని వచ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూశాక, అది కూడా నేనేదో పుచ్చుకుని పోవడానికి వచ్చినట్టే ఉంటుందనిపించి మింగేశాను.

లోపల పసిపిల్ల కదిలి ఒక చిన్న రాగం తీసింది. అతను వెనక్కి తిరిగి చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కింది మెట్టు విరిగింది. చూసుకుని దిగండి" అన్నాడు.

దిగాను. వెనక్కి తిరిగేసరికి అతను తలుపు ఒక చేత్తో మెల్లగా జరుపుతూ, రెండో చేత్తో దాని అంచు పట్టుకుని ఉన్నాడు, కొట్టుకోకుండా. పిల్ల లేవకుండా ఉండాలని. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. లోపల గడియ, వేళ్ళతో పట్టి జరిపినట్టుగా, నెమ్మదిగా పడింది.